ఊకగుట్ట మీద పావుకోళ్లు

ఆయన పోయిన కబురు నాకు ఎవరూ చెప్పలేదు. సిద్దిపేటలో నాకు చెప్పవలసినవి చెప్పకపోవడం కొత్త కాదు కాబట్టి దాన్ని అంతగా పట్టించుకోలేదు. మిల్లు గేటు దగ్గర నిలబడి ఉండగా డప్పుల చప్పుడు వినిపించింది. ఎవరని అడిగితే వడ్లాయన అన్నారు, మా ముసలి వడ్రంగి. చేతిలోని రిజిస్టరు బల్ల మీద పెట్టి వెంట నడిచాను.

నా ముందు ఇద్దరు పడుచువాళ్లు మాట్లాడుకుంటూ పోతున్నారు. ఒకడు రెండోవాడితో, "ఈ ముసలాయన కాశ్మీర్ పోయొచ్చిండు ఎరికేనా? మంచు మీద చెక్కలు కట్టుకొని జారుతుండెనట" అన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. "ఆయన కాశ్మీర్ పోలేదు. కరీంనగర్ దాటి ఎన్నడూ పోలేదు. కాశ్మీర్‌లో పదిహేనేండ్లు ఉన్నది నేను" అన్నాను.

ఆ పిల్లవాడు వెనక్కి తిరిగి నన్ను కిందికీ మీదికీ చూసి, "నువ్వెవరు కాకా?" అన్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ జారుడు చెక్కలు ఎవరివో, ఎవరు చెక్కారో, ఎవరు జారారో ఒకచోట సరిగ్గా రాసి ఉండాలి. ఆయన నన్ను ఎన్నిసార్లు చిన్నబుచ్చాడో కూడా నాకు బాగా గుర్తుంది. అవీ రాస్తాను. దాచిపెట్టి పొగిడే అలవాటు నాకు లేదు, ఆయనకు అసలే లేదు.

నేను ఫౌజులో లారీ నడిపాను. చలికాలం వస్తే కాశ్మీర్ కొండల మీద రోడ్లు మూసుకుపోయి లారీలు నెలల తరబడి కదిలేవి కావు. ఖాళీగా ఉన్న డ్రైవర్లకు మంచు మీద జారడం నేర్పేవారు. కాళ్లకు చెరొక పొడుగాటి చెక్క, చేతుల్లో చెరొక కర్ర. స్కీలంటారు వాటిని. అక్కడి పల్లెల్లో వడ్రంగులు చేసినవే మాకిచ్చేవారు. మొదటి నెలంతా పడ్డాను. రెండో నెలలో నిలబడ్డాను. మూడో ఏడు వచ్చేసరికి మా జట్టులో నాకంటే నిటారుగా కొండ దిగేవాడు లేడు. ఇది నేను చెప్పుకుంటున్న మాట కాదు, అక్కడ అందరూ ఒప్పుకున్నదే. నౌకరీ అయిపోయి వచ్చేటప్పుడు, పాడైపోయి పక్కన పడేసిన జత ఒకటి ఇవ్వమని స్టోరు హవల్దారును అడిగాను. పాడైన సామాను కాల్చాలని రూలుందన్నాడు. నా ఎదురుగానే కాల్చాడు. ఆ మంట దగ్గర అందరూ చేతులు కాచుకున్నారు. నేను కాచుకోలేదు.

అలా ఒక ఫోటోతో మాత్రమే ఇంటికి వచ్చాను. మిల్లులో కావలి పని దొరికింది. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌లో ఆ ఫోటో చూపిస్తే, హోటలాయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "మంచిగ దిగినవ్. వెనుక కొండల పర్ద కట్టిన స్టూడియో ఏది, మెదక్ రోడ్డుదా?" అన్నాడు. బెంచీల మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు జారుడు సిపాయి. పదిహేనేళ్లు దేశం కోసం లారీ నడిపిన మనిషికి ఊరు పెట్టిన పేరు అది.

ఒక జత స్కీలు చేయించుకుని ఆ హోటలాయన కళ్ల ముందు జారి చూపించాలని అప్పుడే అనుకున్నాను. మంచు లేదు కదా అంటారేమో. మంచు లేదు గానీ మా మిల్లు వెనక ఊకగుట్ట ఉంది. వడ్లు ఆడించగా వచ్చిన ఊకను గొట్టం నుంచి గాలితో బయటికి ఊదేవారు. అది ఏళ్ల తరబడి పడి పడి రెండంతస్తుల మేడంత గుట్ట అయింది. ఆ రోజుల్లో ఊకను అడిగే దిక్కు లేదు. ఎండిన వడ్ల ఊక ఎంత జారుతుందో కాలు పెట్టినవాడికే తెలుసు. కావలి తిరుగుతూ రోజూ దాని ఏటవాలును చూసేవాణ్ణి. కాశ్మీర్‌లో మాకు మొదట నేర్పిన కొండ కూడా అంతే ఏటవాలుగా ఉండేది.

కట్టెకోత మిషన్ దగ్గరున్న వడ్రంగి ప్లైవుడ్‌తో చేస్తానన్నాడు. ఇంకొకడు ఫోటో చూసి తలుపు రెక్కలా అన్నాడు. చివరికి నాగళ్లు, బండ్లు చేసే ఈ పెద్దాయన పాకకు పోయాను.

అప్పటికే ఆయనకు అరవై దాటాయి. పాకలో నేల మీద కూర్చుని, కుడికాలి వేళ్లతో కట్టెను నొక్కి పట్టి బాడిసతో చెక్కుతున్నాడు. బాడిస దెబ్బ ప్రతిసారీ బొటనవేలికి ఒక వడ్లగింజంత దూరంలో పడుతోంది. చూస్తున్న నేను చెప్పుల్లోని నా వేళ్లు ముడుచుకున్నాను. ఆయన మాత్రం దాన్ని చూడటం కూడా లేదు. చెవి మీద వెలిగించని బీడీ ఒకటి. చెక్కపేళ్లకు నిప్పంటుకుంటుందని పాకలో ఎన్నడూ వెలిగించేవాడు కాదు, తీసేవాడూ కాదు. సాయంత్రం పాక దాటి మూడడుగులు వేశాకే దానికి అగ్గిపుల్ల గీసేవాడు.

వచ్చినవాళ్లతో తల ఎత్తకుండా మాట్లాడటం ఆయన పద్ధతి. నేను నిలబడి పావుగంట చెప్పాను. అంతా అయ్యాక ఫోటో అడిగి తీసుకుని, చాలాసేపు చూసి, "దీని ముక్కు మీదికి ఎందుకున్నది?" అన్నాడు.

"మంచుల దిగబడకుంట."

"నాగలి ముక్కు భూమిల దిగాలె. దీనిది దిగొద్దు. గంతేనా?"

"గంతే."

"అంటె ఉల్టా నాగలి. కాళ్లకు కట్టుకుంటరు కాబట్టి పావుకోళ్లు. చేస్త."

స్కీ అనే మాట ఆయన నోట చివరిదాకా పలకలేదు. నేను ఎన్నిసార్లు సరిదిద్దినా పావుకోళ్లే అన్నాడు. చివరికి ఊరంతా అదే మాట.

కొలత తీసుకోవడానికి టేపు వాడలేదు. నన్ను చెయ్యి పైకెత్తమని, మడమ నుంచి మణికట్టు దాకా జనుపతాడు పట్టి ముడి వేశాడు. తర్వాత నేను ఏమరుపాటుగా ఉండగా వెనక నుంచి నడుము చుట్టూ చేతులు వేసి నన్ను నేల మీద నుంచి ఎత్తాడు. నాగలి కోసం వచ్చిన ముగ్గురు రైతులు చూస్తున్నారు. దించి, "గింతేనా? ఫౌజుల బువ్వ పెట్టలేదా నీకు?" అన్నాడు. వాళ్లు నవ్వారు. నా బరువు తెలియాలంటే అడిగితే చెప్పేవాణ్ణి.

మరునాడు మంచి టేకు పలక ఒకటి తీసుకుపోయి ఇచ్చాను. దాన్ని వేళ్ల కణుపులతో కొట్టి, కళ్లు మూసుకుని విని, "ఆడ వెట్టు" అన్నాడు. వారం తర్వాత పోతే ఆ పలక రెండు రాళ్ల మీద బల్ల అయింది. వచ్చిన గిరాకీలంతా దాని మీద కూర్చుంటున్నారు. నన్నూ కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"కాకా, అది పావుకోళ్లకు తెచ్చిన కట్టె."

"అది సాపు కట్టె. ముక్కు కావాల్నంటె వంచాలె. వంచిన కట్టె ఎన్నటికన్న తన బుద్ధి చూపిస్తది. వంగి పుట్టిన కట్టె కావాలె."

నాగలి చేసేవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చే తెలివి. కట్టెను కాల్చి, తడిపి వంచరు. చెట్టు మీదే ఆ వంపు ఎక్కడుందో వెతుక్కుంటారు. ఆయన చెట్లను ఆకులతో, పండ్లతో గుర్తుపెట్టుకునేవాడు కాదు. బస్సు కిటికీలోంచి చూస్తూ, "గదాంట్ల ఒక బండి నొగ ఉన్నది. గా కొమ్మల రెండు నాగళ్లున్నయి, ఇంకొక ఐదేండ్లు ఆగాలె" అనేవాడు. ఆ తెలివికి నేను చెల్లించింది తొమ్మిది నెలలు. పోయినప్పుడల్లా ఒకటే మాట.

"కట్టె దొరకలే."

"సిద్దిపేట నిండ కట్టెలే ఉన్నయి గద కాకా."

"ఉన్నయి. నీది లేదు."

తొందర పెడితే, "కట్టెకు తొందర లేదు. తొందర మనిషిది" అని బాడిస తీసుకునేవాడు. అదే మాట ఆయన బండి అడిగిన రైతుకూ చెప్పేవాడు, దర్వాజ అడిగిన సేటుకూ చెప్పేవాడు. అందరూ విని ఊరుకునేవారు. నేను ఊరుకోలేదు. ఒకసారి నా ఫోటో నాకిచ్చెయ్యమన్నాను. ఇచ్చాడు. పది రోజులకు మళ్లీ నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఆ పది రోజులూ నేను రాలేదన్న సంగతి ఆయన గమనించినట్టే లేదు.

చివరికి ఒకనాడు తనే మిల్లుకు వచ్చాడు. "అక్కన్నపేట దిక్కు నీ కట్టె దొరికింది. మొయ్యనీకె రా" అన్నాడు. అది ఒక పొలం గట్టు మీది తుమ్మచెట్టు. రైతు కొట్టేయిస్తున్నాడు. దాని ఒక కొమ్మ బారెడు దూరం తిన్నగా పోయి, చివర పడవ ముక్కులాగా పైకి లేచింది. నా ఫోటోలోని వంపు అచ్చంగా అలాగే ఉంది. ఆయన కొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చీలలు కొట్టి కొమ్మను నిలువునా రెండుగా చీల్చాడు. ఒక్కో చీల కొట్టి ఆగి, చెవి పెట్టి కట్టె పలికే చప్పుడు వినేవాడు. చివరి దెబ్బకు అది పుస్తకం తెరిచినట్టు విచ్చుకుంది. లోపల రెండు వైపులా ఒకే గీతలు.

"రెండు కాళ్లకు రెండు చెట్లు కడితె రెండు దిక్కులు పోతయి. గివి ఒక్క కడుపుల పుట్టినయి. కలిసి నడుస్తయి" అన్నాడు.

ఒక్కటి ఒప్పుకుంటాను. తొమ్మిది నెలల కోపం ఆ ఒక్క నిమిషం నాకు గుర్తు రాలేదు. తర్వాత బస్సు టాపు మీదికి వాటిని ఎక్కించింది నేనొక్కణ్ణే. ఆయన ముందే పోయి కిటికీ పక్కన కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది.

ఆ చెక్కల కొసలకు పేడ పూసి ఒక వానకాలమంతా నీడన ఆరబెట్టాడు. తర్వాత చెక్కడం మొదలుపెట్టాడు. వెదురుతో చేతికర్రలు కూడా చెయ్యమంటే, "ఎదురు బొంగులు మేదరోల్ల పని. నన్ను అడుగుతవేంది?" అన్నాడు. మేదరివాళ్ల దగ్గరే కొనుక్కున్నాను.

ఒకరోజు పొద్దున పోయేసరికి చెక్కలు రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. చిత్రిక పట్టి, అద్దంలాగా నున్నగా చేసి ఉన్నాయి. మందం నడుమ రెండు వేళ్లు, ముక్కు దగ్గర ఒక వేలు. తోలు పట్టీలకు రంధ్రాలు పడ్డాయి. ఆయన లేడు, స్నానానికి బావి దగ్గరికి పోయాడు. ఆయన భార్య వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"కూసో బిడ్డా. తానం చేసొస్తడు. చాయ్ తాగి పోదువు."

"డ్యూటీ ఉన్నదవ్వా. కూలి ఎన్నడో ముట్టింది గద, తీస్కపోత."

"ఆయనొచ్చినంక తీస్కపోరాదు."

ఏడాదికి పైగా తిప్పించుకున్న మనిషి కోసం ఇంకా ఎందుకు కూర్చోవాలి? రెండిటినీ భుజాన వేసుకుని వచ్చేశాను. ఆమె ఇంకేదో అంది. వినిపించుకోలేదు.

మొదటిరోజు సంగతి కూడా దాచను. కాశ్మీర్‌లో అడుగున మైనం రుద్దేవాళ్లం. మైనం దొరక్క ఆముదం పూశాను. చెక్కుతున్న రోజుల్లోనే ఆయన ఒకసారి, "దీనికి నూనె పెట్టకు. కందెన ఇరుసుకే గని కట్టెకు కాదు" అని ఉన్నాడు. కాశ్మీర్ చూసింది ఆయన కాదు కదా అనుకున్నాను. హోటలాయన, హమాలీలు, చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు అంతా గుట్ట కింద నిలబడ్డారు. నేను మీది నుంచి బయలుదేరాను. ఊకంతా ఆముదానికి పట్టుకుంది. నాలుగడుగులకు చెక్కలు ఆగిపోయాయి, నేను ఆగలేదు. తల ముందుకు పోయి మెడ దాకా ఊకలో దిగబడ్డాను. హోటలాయన నన్ను లేపుతూ, "కాశ్మీర్ల గిట్లనే ఆపుతరా?" అన్నాడు.

వారం రోజులు చెక్కలను బూడిదతో రుద్ది నూనె తీశాను. ఈసారి ఎవరినీ పిలవకుండా పొద్దున్నే ఎక్కాను. ఆ జారుడు ఎలా ఉందో చెప్పాలంటే, ముందు చప్పుడు గురించి చెప్పాలి. మంచు మీద జారితే గుడ్డ చింపినట్టు ఉంటుంది. ఊక మీద జారితే పెద్ద చేటలో వడ్లు చెరిగినట్టు సర్రుమని ఒకే పొడుగాటి చప్పుడు. చెక్కలు రెండూ ఒక్కటిగా పోయాయి. నేను ఎడమకు ఒరిగితే ఎడమకు, కుడికి ఒరిగితే కుడికి. కాశ్మీర్‌లో కట్టుకున్న ఏ జతా అలా పోలేదు. కింద ఆగి వెనక్కి చూస్తే గుట్ట మీద రెండు గీతలు, ఎక్కడా ఎడం పెరగలేదు, తగ్గలేదు.

మూడు చలికాలాలు జారాను. గుట్టలో ఎక్కడ లోపల నిప్పు రాజుకుంటోందో, ఎక్కడ వానకు తడిసి గట్టిపడిందో నాకు కంఠతా వచ్చు. ఊక దురదకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవి. నా భార్య నన్ను వాకిట్లోనే నిలబెట్టి నెత్తి మీద నీళ్లు పోసేది. అయినా ఊరు నమ్మలేదు. ఊక మీద జారితే జారావు గానీ మంచు మీద మనుషులు జారతారన్నది మాత్రం నీ కథే అన్నాడు హోటలాయన. ఆ మనిషిని నమ్మించడానికి ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు.

ఇక వడ్లాయన. ఆయన పాక మా మిల్లుకు నాలుగడుగుల దూరం. ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. తను చేసిన వస్తువు ఎలా పోతోందో చూడాలని ఎవరికైనా ఉంటుంది. ఆయనకు లేదు. కానీ ఎక్కడ కనబడినా, రేషన్ దుకాణం దగ్గర గానీ, బస్టాండులో గానీ, పెళ్లి పందిట్లో గానీ, నలుగురి ముందూ గట్టిగా ఒకటే మాట అడిగేవాడు.

"నాయి ఎట్లున్నయి?"

అంటే ఆయనవట. చేయించుకున్నది నేను, కూలి ఇచ్చింది నేను, ఒళ్లు గీరుకుంటున్నది నేను, ఆయనవి ఎలా ఉన్నాయని నన్ను అడుగుతున్నాడు. మొదట్లో, "నాయి మంచిగనే ఉన్నయి" అని నొక్కి చెప్పేవాణ్ణి. ఆయన తల ఊపి పోయేవాడు. మళ్లీ కనబడితే మళ్లీ అదే. ఒక పెళ్లిలో పక్కనున్నాయన నన్ను, "కిరాయికి తెచ్చుకున్నవా?" అని కూడా అడిగాడు.

నాలుగో చలికాలం మొదట్లో ఊకలో ఎవరో పడేసిన తిరగలి రాయి తగిలి కుడి చెక్క నడుమ నుంచి నిలువునా పగిలింది. ఇక తప్పక ఆయన దగ్గరికి పోయాను. నా టేకు బల్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు. ఆయన పగులు మీద వేలు పోనిచ్చి, కళ్లు మూసుకుని, తెరిచి, "ఆడ వెట్టి పో. నాయి నేను చేసుకుంట" అన్నాడు.

అప్పుడు ఓర్చుకోలేకపోయాను. "కాకా, మూడేండ్ల సంది వింటున్న. గివి నీయి ఎట్లయితయి? చెక్కినందుకు కూలి ఇయ్యలేదా నేను?"

"ఇచ్చినవ్. చెక్కిన. కని నేను నీకు ఇయ్యలె."

"మరి నా దగ్గర ఎట్లున్నయి?"

"నువ్వు తీస్కపోయినవ్. ఇచ్చుడు వేరు, తీస్కపోవుడు వేరు." మొదటిసారి బాడిస పక్కన పెట్టి నా ముఖంలోకి చూశాడు. "దర్వాజ నిలవెడితె దోతి వెడ్తరు. బండి చేస్తె తువ్వాల కప్పుతరు. నాగలికన్న ఒక కొబ్బరికాయ కొడ్తరు. గప్పుడు నేను చెయ్యి తీసి ఇస్త. గప్పుడు అది వాళ్లది. నేను తానం చేసి రానీకె పోతె, ముసల్ది కూసోమంటున్నా ఇనకుంట ఎత్కపోయినవ్. నీయి ఎట్లయితయి?"

"గిది బండా? దర్వాజనా? ఆట సామాను గద."

"నిన్ను మోస్తలేదా?"

"మోస్తది."

"మరి బండే."

బల్ల మీద కూర్చున్నాయన, "గది నిజమే" అన్నాడు. ఆయనను ఎవరూ అడగలేదు.

పగిలిన చెక్క, పగలని చెక్క రెండూ తీసుకుని ఇంటికి వచ్చాను. సంవత్సరం పాటు అవి అటక మీదే ఉన్నాయి. దారిలో ఆయన ఎదురైతే నేను వీధి మారేవాణ్ణి. నా భార్య, "ఒక్క దోతికి ఏడాది పంచాయితా?" అంది. దోతీ సంగతి కాదని, న్యాయం సంగతని చెప్పాను. "న్యాయమే అయితె మీ బాపు బండి చేయించిన్నాడు వడ్లాయనకు ఏం వెట్టిండో యాది చేసుకో" అంది. చిన్నప్పటి ఆ సంగతి ఆమెకు నేనే ఎప్పుడో చెప్పి ఉంటాను. మన మాటలు మన మీదికే తేవడం ఆమెకు బాగా తెలుసు.

నాకు గుర్తుంది. మా బాపు చేసినాయనకు తువ్వాల కప్పి, కొత్త బండిలో ముందుగా ఆయన్నే కూర్చోబెట్టి, ఎడ్లను కట్టకుండా తనే కాడి పట్టుకుని వాడ చివరిదాకా లాగాడు. ఆ తర్వాతే మమ్మల్ని ఎక్కనిచ్చాడు. నేను ఏడ్చాను కూడా, ముందు నేనే ఎక్కుతానని.

అయినా పోలేదు. పోయేలా చేసింది ఇటుకబట్టీలు. ఆ ఏడు బట్టీలవాళ్లు ఊక కావాలని వచ్చారు. మిల్లు సేటు ఇన్నేళ్లు పీడ అనుకున్నదాన్ని లారీలకెత్తి పంపడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర నిలబడి ఒక్కో లారీని రిజిస్టరులో రాసింది నేనే. గుట్ట రోజుకింత తగ్గిపోతోంది. ఇంకొక నెలకు నేల కనబడుతుంది. ఒక రోజు పదకొండో లారీ రాసి, కలం మూసి, బజారుకు పోయి ఒక దోతి, ఒక తువ్వాల, కొబ్బరికాయ కొన్నాను. దోతి మంచిదే కొన్నాను. చవకది కొని మళ్లీ మాట పడటం నాకు ఇష్టం లేదు.

ఆయన దోతి అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు. "బట్ట మంచిదే" అన్నాడు. ఆలస్యమైందని గానీ, ఎందుకు వచ్చావని గానీ అనలేదు. అంటాడని సమాధానాలు సిద్ధం చేసుకుని పోయాను. అవన్నీ వృథా అయ్యాయి. పగులు లోపల తుమ్మచీలలు దిగేసి, నాలుగు రోజుల్లో అతికించాడు. ఎక్కడ పగిలిందో నాకే కనబడలేదు.

అయిదో రోజు పొద్దున నేను పిలిస్తే గుట్ట దగ్గరికి వచ్చాడు. కొత్త దోతి గోచి బిగించి కట్టాడు, తువ్వాల తలకు చుట్టాడు. చెవి మీద బీడీ ఉంది. చెక్కలు నా చేతికివ్వకుండా, "కొత్త బండిల ముందుగాల ఎవరు కూసుంటరు?" అన్నాడు.

గుట్ట ఏటవాలును ఒకసారి మీది నుంచి కిందిదాకా చూశాను. ఆయనకు అరవై అయిదు దాటాయి. "చేసినోడు" అన్నాను చివరికి.

"మరి కట్టు."

ఇద్దరం గుట్ట ఎక్కాక పట్టీలు నేనే కట్టాను. వెదురుకర్రలు ఇవ్వబోతే, "మేదరోల్ల కట్టెలు నాకెందుకు?" అన్నాడు. ఒక్కడుగు ముందుకు వేసి అంచు మీద నిలబడ్డాడు. మోకాళ్లు వంచి, బరువంతా మడమల మీద పెట్టి, రెండు చేతులూ పగ్గాలు పట్టుకున్నట్టు ముందుకు చాచాడు. అప్పుడు నాకు తెలిసింది. నాట్ల ముందు బురద పొలాన్ని చదును చేయడానికి ఎడ్ల వెనక పలక కట్టి, దాని మీద నిలబడి తోలుతారే, ఆ నిలబడటం అది. కొత్త పలక చేసినప్పుడల్లా దాని మీద ముందు నిలబడి చూసింది ఆయనే అయి ఉంటాడు. నలభై ఏళ్లు బురద మీద జారిన మనిషికి నేను కాశ్మీర్ గొప్పలు చెప్పాను.

పోయాడు. ఒరగలేదు, ఊగలేదు, అరవలేదు. హమాలీలు మూటలు దించి చూశారు. హోటలాయన చేతిలో చాయ్ వడగట్టే జల్లెడతో అలాగే నిలబడ్డాడు. గుట్ట అయిపోయాక ఎలా ఆగాలో ఆయనకు తెలియదు, నేను చెప్పనూ లేదు. అలాగే పోయి కింద వడ్లు ఆరబోసిన జాగాలోకి దూసుకుపోయాడు. వడ్లు కాళ్లతో తిప్పుతున్న ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు. జాగా ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు గీతలు గీసి, మెల్లగా దానంతట అదే ఆగింది. ఒకామె నడుము మీద చెయ్యి పెట్టుకుని, చెదిరిన వడ్లను చూపిస్తూ, "మల్ల నెరిపేదెవరు తాతా? నీ కొత్త దోతి వచ్చి నెరుపుతదా?" అంది.

ఆయన వంగి పట్టీలు విప్పుకున్నాడు. చెక్కలకు అంటిన ఊక అరచేత్తో తుడిచాడు. రెండిటినీ జోడించి, నిలువుగా పట్టుకుని, నేను పరుగెత్తుకుంటూ వచ్చేదాకా ఆగాడు. నా రెండు చేతుల్లో పెట్టాడు.

"ఇగ నీయి" అన్నాడు.

ఆ తర్వాత పాక వైపు నడిచి, మూడడుగులు వేసి బీడీ వెలిగించాడు.

హోటలాయన నా దగ్గరికి వచ్చి, "అయితె కాశ్మీర్ల నిజంగనే జారుతరన్నట్టు" అన్నాడు.

"మూడేండ్లు నేను జారలేదా నీ ముందట?"

"నువ్వు జారితె నువ్వు చెప్పినట్టే గద సిపాయీ. వడ్లాయన జారిండంటె వేరు."

గుట్ట ఇంకా పదిరోజులు ఉంది. ప్రతి పొద్దునా జారాను. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ జారలేదు, మంచు మీద కూడా. చూడటానికి ఊళ్లో వాళ్లెవరూ రాలేదు, వాళ్లు చూడాల్సింది చూసేశారు. ఆయన ఒక్కడే రోజూ వచ్చేవాడు. పిలిచాక రావడం తన హక్కన్నట్టు గొట్టం కింద గొంతుక్కూర్చునేవాడు. చివరి రోజు, "ఎడమ దిక్కు ఒరుగుతున్నవ్. అది కట్టెది కాదు, నీది" అన్నాడు. మరునాడు చివరి లారీ రాశాను.

ఇప్పుడు ఆ చెక్కలు మా ఇంట్లో గోడకు ఉన్నాయి. నూనె పెట్టను. ఏడాదికొకసారి బూడిదతో రుద్దుతాను. పగులు ఇప్పటికీ తెరుచుకోలేదు. తుమ్మకట్టె నల్లబడింది, ముక్కులు రెండూ ఒకే వంపుతో పైకి లేచి ఉన్నాయి. వంగి పుట్టిన కట్టె బుద్ధి మార్చుకోదని ఆయన అన్నది నిజమే.

ఆ రోజు తర్వాత ఆయన ఎక్కడ కనబడినా, రేషన్ దుకాణం దగ్గర గానీ, పెళ్లి పందిట్లో గానీ, నలుగురి ముందూ అంతే గట్టిగా, "నీయి ఎట్లున్నయి?" అని అడిగేవాడు. మొన్న వానకాలం బస్టాండులో కనబడ్డాడు. చూపు బాగా తగ్గిపోయింది. నా పేరు జ్ఞాపకం లేదు, ఫౌజు సంగతి జ్ఞాపకం లేదు. నా చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర బొటనవేలితో నొక్కి చూశాడు, తాడు ముడి వేసినచోట. "నీయి ఎట్లున్నయి?" అన్నాడు. "మంచిగున్నయి కాకా" అన్నాను. తల ఊపి బస్సెక్కాడు.

ఊరేగింపులో నన్ను ఎవరివని అడిగిన పిల్లవాడికి ఆ రోజు జవాబు చెప్పలేదు. ముందుకు పోయి, దారిలో కొన్న కొత్త బట్ట ఆయన మీద కప్పాను. కప్పి వెనక్కి వచ్చాక చెప్పాను, ఆ పావుకోళ్లు ఎవరివో ఆ మనిషిని నేనని. వాడికి అర్థమైందో లేదో.

ఒక్కటి మాత్రం చెప్పి ముగిస్తాను. పదేళ్లలో ఆయన నన్ను వందసార్లయినా ఆ చెక్కలు ఎలా ఉన్నాయని అడిగి ఉంటాడు. నేనెట్లున్నానని ఒక్కసారీ అడగలేదు. అది కూడా నేను మర్చిపోలేదు.